వాము నీళ్ళలో ముంచిన చీనీ కాయలు

1958

ప్రొద్దుటూరు, అక్టోబరు 6

అన్న బడికే వచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి చూపిస్తున్నాను — కిటికీలో తలపాగా కనిపించింది. ఎన్నడూ బడికి రాని మనిషి. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను.

వరండాలో కూర్చుని తువ్వాలు ముడి విప్పాడు. లోపల ఒకే ఒక చీనీ కాయ, కోస్తా వాళ్ళు బత్తాయి అనేది. సగం పచ్చటి బూజు, దాని చుట్టూ తెల్లటి అంచు. వేలు పెడితే లోపలికి దిగిపోయింది. మద్రాసు మండీ నుంచి తంతి వచ్చిందట. రెండో లారీ సరుకు కూడా కుళ్ళింది. ఎర్రగుంట్లలో రైలెక్కించేటప్పుడు ఒక్క మచ్చ లేదని ఒట్టు పెట్టి చెప్పాడు. పులివెందుల చుట్టుపక్కల తోటలన్నిటిదీ ఇదే కథట. ఈ ఏడు వాన వదలకుండా పడుతోంది, దానివల్ల అని కొందరు... దిష్టి అని కొందరు.

"నిన్ను మద్రాసులో చదివించినా గదా. ఇదేందో చెప్పు."

అంతే అడిగాడు. మంచినీళ్ళు తాగి బస్సుకు పోయాడు.

అక్టోబరు 7

సూక్ష్మదర్శిని కింద పెట్టాను. సన్నని చీపుర్లలాగా కాడలు, కాడల కొసన గింజలు గింజలుగా దుమ్ము. ఊదితే లేస్తుంది. ఒక కాయ నుంచి గంపకంతా పాకేది ఈ దుమ్మే.

ఇదేమిటో చెప్పగలను. దీన్నెట్లా ఆపాలో తెలియదు. అన్న అడిగింది రెండోది.

అక్టోబరు 9

రోజంతా అదే ఆలోచన. జమ్మలమడుగులో అత్తవారింటి నుంచి పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన రోజున ఊళ్ళో అందరూ నన్ను మళ్ళీ అక్కడే దించి రమ్మన్నారు. అన్న ఒక్కడే పెట్టె అందుకుని లోపల పెట్టాడు. ఆ తర్వాతి ఏడు కాలేజీకి పంపాడు. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపినవాడని ఇప్పటికీ ఆయన వెనక నవ్వుతారు. ఆయన నన్ను ఇన్నేళ్ళలో అడిగిన పని ఇదొక్కటే.

అక్టోబరు 12, ఆదివారం

దస్తగిరి హకీం సాహెబు ఇంటికి పోయాను. గొంతు నొప్పికి ఆయన ఇచ్చే వాము అర్కు, వాము ఆవిరి పట్టి తీసిన రసం, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన అలమరలో షర్బత్తు సీసాలు ఏడాదైనా బూజు పట్టవు — ఎందుకని అడిగాను. ఆయనకూ తెలియదు. తెర వెనక నుంచి ఆయన భార్య చెప్పింది — ప్రతి సీసాలో చిటికెడు వాము పువ్వు వేస్తుందట. అత్తగారు నేర్పిందట. నలభై ఏళ్ళుగా ఆయనకు చెప్పలేదు! ఆయన ముఖం చూడాలి.

వాము పువ్వంటే వాము అర్కు చల్లారినప్పుడు పైన తేలే తెల్లని పలుకులు. చూపిస్తానని నన్ను తెర లోపలికి పిలిచింది. రాగి డేగిసాలో వాము ఉడుకుతుంటే గది నిండా ఘాటు, నాకు కళ్ళు మండాయి. ఆమె కన్ను ఆర్పలేదు.

ఈ ఘాటుకు బూజు తట్టుకోగలదా...

పులివెందుల, తోట, అక్టోబరు 17

దసరా సెలవులు. కొట్టంలో మూడు గంపలు పెట్టించాను. ఒకదానిలో కాయలు ఉన్నవి ఉన్నట్టు. ఒకదానిలో మంచినీళ్ళలో ముంచినవి. మూడోదానిలో వాము నీళ్ళలో, అంటే హకీం సాహెబు అర్కు కలిపిన నీళ్ళలో, ముంచినవి. కాయలన్నీ నిన్న కోసినవీ ఇవాళ కోసినవీ కలిసిన ఒకే కుప్పలోంచి తీసినవి. గంపలకు సున్నంతో గుర్తులు పెట్టాను.

గంపలు చూసేది నారమ్మ. తోటలో కాయ ఏరే ఆడవాళ్ళందరికీ పెద్ద. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. చదువు రాదు గానీ చెట్టు చూసి ఎన్ని గంపలు దిగుతుందో చెబుతుంది. ఏ రోజు ఏ గంపలో ఎన్ని కుళ్ళాయో గోడ మీద బొగ్గుతో గీతలు గీయమన్నాను. కుళ్ళిన కాయను కూడా గంపలోనే ఉంచాలని, తీసి పారేయకూడదని రెండుసార్లు చెప్పాను.

వదిన తమ్ముళ్ళు ఇద్దరూ వచ్చి చూసి పోయారు. కొట్టం దాటాక నవ్వు వినబడింది.

అక్టోబరు 20

ఇంకా ఏమీ లేదు. మూడు గంపలూ శుభ్రం.

అక్టోబరు 24

ఉన్నవి ఉన్నట్టు పెట్టిన గంపలో బూజు మొదలైంది. వాము గంపలో కూడా ఒకటి... అది తొడిమ దగ్గర. రేపు బడి తెరుస్తారు, పోక తప్పదు. నారమ్మకు మళ్ళీ చెప్పాను. అన్నీ విని తల ఊపింది.

తోట, నవంబరు 2, ఆదివారం

బస్సు దిగి నేరుగా కొట్టానికే పోయాను.

మొదటి గంప సగం పోయింది. నీళ్ళ గంప ఇంకా ఘోరం. వాము గంపలో పోయినవి రెండే కాయలు. రెండే! కాయలన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటీ తిప్పి చూశాను. తొక్క నిగనిగలాడుతోంది. గోడ మీద బొగ్గు గీతలు కూడా అట్లాగే ఉన్నాయి.

అన్న పక్క తోటల వాళ్ళను నలుగురిని పిలుచుకొచ్చాడు. ఎవరికీ ఏమీ వివరించలేదు. మూడు గంపలూ వాళ్ళ ముందు వరసగా పెట్టి నిలబడ్డాడు. వదిన తమ్ముళ్ళు కూడా చూశారు. చివరికి ఆయన అన్నమాట — "మా చెల్లెలు చేసింది." నేను కొట్టం వెనక్కి పోయి ఏడ్చాను.

నవంబరు 4

అన్న నుంచి కబురు. ఆఖరి కోత మొత్తం వాము నీళ్ళలో ముంచి కొట్టంలో నిలవ పెడతాడట. డిసెంబరు నడిమికి మద్రాసులో చీనీ కాయ దొరకదు, అప్పుడు పంపుతాడు. ఇప్పుడే కొంటామన్న మండీ వాళ్ళకు లేదని జాబు రాసేశాడు.

మొత్తమా? ఒక్క గంప చూసి మొత్తమా?

నేను ఆ మాట రాసి పంపలేదు.

నవంబరు 7

బడిలో నా గాజు జాడీల్లో కూడా ఆరు కాయలు పెట్టాను, అంగట్లో కొన్నవి. వాము నీళ్ళలో ముంచినవే. ఇవాళ్టికి నాలుగు బూజు పట్టాయి.

అంగడి కాయలు. ఎన్ని రోజులవో, ఎంతమంది చేతులు మారాయో... అందుకే అయి ఉంటుంది.

ప్రయోగాల పుస్తకంలో ఎక్కించలేదు. ఎక్కించాలి. రేపు.

తోట, నవంబరు 9, ఆదివారం

ముంచే రోజు. హకీం సాహెబు ఇంట్లో వారం రోజులుగా డేగిసా దించలేదట, అర్కు సీసాలన్నీ నాతో తెచ్చాను. సిమెంటు తొట్టిలో కలిపాము. నేను వచ్చేదాకా ముంచవద్దని అన్న ఆడవాళ్ళకు చెప్పాడట, శుక్రవారం నుంచి కోసిన కాయ కుప్పలుగా కాచుకుని ఉంది. ఇవాళ పొద్దున కోసింది వేరే.

సాయంకాలానికి ఆడవాళ్ళ చేతులు ఎర్రబడ్డాయి. కొబ్బరినూనె రాయించాను. నారమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్కసారి తొట్టి దగ్గర నా పక్కకొచ్చి, "ఇన్నీ ఒకేసారి యాల పాపా?" అంది. అన్న ఇష్టమని చెప్పాను. ఇంకేదో అనబోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వాము ఘాటనుకున్నాను.

కొట్టం నిండా కాయలు. వరిగడ్డి పరిచి, దొంతరలు దొంతరలుగా.

ప్రొద్దుటూరు, నవంబరు 11

దీపావళి. పక్కింటి పిల్లలకు మతాబులు ఇచ్చాను. నాకు పండగలా లేదు. జాడీలో మిగిలిన రెండు కాయలూ పోయాయి.

తోట, నవంబరు 16, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం అన్న జమ్మలమడుగుకు పోయాడు, పని మీద. నారమ్మ నన్ను కొట్టం వెనక కాలవ గట్టుకు తీసుకుపోయి మన్ను కాలితో తోసింది. కింద కుళ్ళిన కాయలు. శానా. దినామూ కొట్టంలోంచి ఏరి తెచ్చి ఇక్కడ పూడుస్తోంది. ఇక తన చేతులు చాలడం లేదంది.

"పాపా, ఆ గంపలో కాయిలు నేనే మార్చినా."

నాకు ముందు అర్థం కాలేదు. ఏ గంప అన్నాను.

"నీ వాము గంప. దాంట్లో గూడా కుళ్ళినాయి. నువ్వు పోయినంక దినామూ నాలుగైదు తీసేసి మంచివి పెడితి. గీతలు గూడా రెండే గీస్తి."

ఎందుకని అడిగాను. గట్టిగానే అడిగానేమో. ఆమె నా వంక చూడలేదు.

"రెడ్డి బామ్మర్దులు ఈడ నిలబడి నవ్వుతాండ్రి. మొగునింట్లో నిలవనిది కాయిలు నిలబెడుతుందా అని. నేను ఇనల్యాకపోయినా పాపా. తోటంతా దాని మింద పెడతారని నాకేం తెల్సు."

గట్టు మీద కూర్చున్నాను. ఆమె కూడా కూర్చుంది, దూరంగా.

తిట్టలేకపోయాను. నా జాడీల మాట గుర్తొచ్చింది. ఆమె కాయలు మార్చింది. నేను పుస్తకంలో ఎక్కించలేదు. చదువుకున్నదాన్ని నేను.

ప్రొద్దుటూరు, నవంబరు 17

చెప్పకుండా వచ్చేశాను. అన్న తిరిగి రాకముందే బస్సెక్కాను. ముద్దనూరు దాటేదాకా వెనక్కి చూడలేదు.

నవంబరు 18

చెబితే నారమ్మను తోటలో ఉంచడు. చెప్పకపోతే కాయ ఉండదు.

నవంబరు 19

హకీం సాహెబుకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. తర్వాత జమ్మలమడుగులో ఒక చిన్నబిడ్డకు తాను ఇచ్చిన మందు వికటించిన సంగతి చెప్పాడు. మందు కొలత తప్పిందని ఇంటికొచ్చాక తెలిసిందట. బండి దొరకలేదు, నడిచిపోయాడట. బిడ్డ బతికిందా అని అడిగాను. బతికింది, కానీ ఆ ఇంటివాళ్ళు మళ్ళీ తన గడప తొక్కలేదు అన్నాడు.

"వాళ్ళు పిలిచేదాకా ఆగొద్దు బేటీ. నువ్వే పో."

వచ్చేటప్పుడు తెర వెనక నుంచి ఆయన భార్య ఒక సీసా వాము అర్కు ఇచ్చింది, అడగకుండానే.

నవంబరు 21

ఇవాళ పోవచ్చు. పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని నాకు నేనే చెప్పుకున్నాను.

తోట, నవంబరు 23, ఆదివారం

చెప్పాను.

అన్న కొట్టం గడపలో నిలబడి ఉన్నాడు. వాసన బయటికే వస్తోంది, తియ్యటి, పులిసిన వాసన. ఆయనకు అప్పటికే అనుమానం వచ్చి ఉండాలి. వాము ఘాటు మధ్య ఈ వాసన ఎక్కడిదని అడుగుతున్నాడు ఎవరినో. నన్ను చూసి ఆగాడు.

"న్నా, ఆ గంప లెక్క తప్పు."

"ఎంత తప్పు?"

"అంతా."

బావి దగ్గర ఇంజను చప్పుడు ఒక్కటే. నారమ్మ కాయల దొంతర వెనక ఉంది, నాకు కనిపిస్తోంది. నోరు తెరవబోయింది. నేను ముందే అనేశాను — నేనే తప్పు చేశానని, కుళ్ళినవి లెక్కలోకి తీసుకోలేదని. జాడీల సంగతి కూడా చెప్పాను. అది నిజమే కదా. నిజంలో కలిపితే అబద్ధం కనబడదనుకున్నాను.

అన్న నా ముఖంలోకి చూశాడు. కోపం ఉంటే బాగుండేది.

"నీకు అబద్ధం చెప్పేది రాదు గదమ్మా. ఎప్పుడు నేర్చుకుంటివి?"

దేన్ని అన్నాడో తెలియలేదు. గంప లెక్కనా, ఇప్పుడు చెప్పినదాన్నా...

తర్వాత తలపాగా తీసి పక్కన పెట్టి, కొట్టం తలుపులు రెండూ తెరిచి, మొదటి దొంతర తానే దించాడు.

నవంబరు 24

బడికి సెలవు జాబు పంపాను. ఏరుతున్నాము. పదిమంది ఆడవాళ్ళు, అన్న, నేను. కుళ్ళిన కాయ పక్క కాయను తాకకుండా తీయాలి. పచ్చ దుమ్ము గోళ్ళ సందుల్లో, వెంట్రుకల్లో. దగ్గు. గంపలు గంపలుగా మోసి కాలవలో పోస్తున్నారు. ఎనుములు కూడా మూతి పెట్టడం లేదు.

అన్న నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం పెట్టించాడు, ముందు నాకు.

నవంబరు 25

ఒక సంగతి.

తూర్పు గోడ పక్క దొంతరలు దాదాపు చెడలేదు. నడిమివి పూర్తిగా పోయాయి. అదే నీళ్ళు, అదే గడ్డి. ఎందుకో తోచలేదు. నారమ్మను అడిగాను — మూడు రోజుల్లో ఆమెతో మాట్లాడిన మొదటి మాట.

ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది ఆమెకు. తూర్పు పక్కవి ఆదివారం పొద్దున కోసి ఆ పూటే ముంచినవి. నడిమివి శుక్రవారం కోసి, నాకోసం రెండు రోజులు కుప్పలో ఉన్నవి. గంపలో కూడా ఇదే చూసిందట. "ముల్లు గీరుకున్న కాయ ఆ పూటే మునిగితే నిలుస్తాది పాపా. తెల్లారినంక ముంచితే పుండు లోపలికి పోయింటాది." అట్లా నిలిచిన కాయలు ఆ గంపలో నిజంగానే కొన్ని ఉన్నాయట. వాటిని ఆమె మార్చలేదు.

అంటే వాము పనిచేస్తుంది. గాయమైన పూటే అయితే. గాయం లోపలికి బూజు దిగకముందే అయితే.

కాయలు కాచుకున్నది నా కోసం. నేను ఆదివారం తప్ప రాలేను గనుక.

అన్నకు చెప్పాలని పోయాను. ఆయన కాలవ గట్టున నిలబడి ఉన్నాడు. ఆ కుప్పల ముందు ఈ మాట ఎట్లా చెప్పను? వెనక్కి వచ్చాను.

నవంబరు 26

లారీ పోయింది. మూడో వంతు కూడా లేదేమో. డిసెంబరు దాకా ఆగలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు పంపాడు. లారీ కనుమరుగయ్యాక కొట్టం కడగమని చెప్పి లోపలికి పోయాడు.

నేను బస్సుకు వస్తుంటే నారమ్మ తోట గేటు దాకా వచ్చింది. తన పేరు ఎందుకు చెప్పలేదని అడగలేదు. బువ్వ సరిగా తినమంది.

ప్రొద్దుటూరు, డిసెంబరు 3

మద్రాసు నుంచి వార్త లేదు. అన్న నుంచి లేదు.

ప్రయోగాల పుస్తకం మొదటి నుంచీ తిరగ రాశాను. నవంబరు ఏడో తేదీ జాడీలు కూడా. నవంబరు రెండో తేదీ లెక్క మీద అడ్డంగా గీత కొట్టాను. కింద ఏమి రాయాలో తోచక ఖాళీగా వదిలాను.

డిసెంబరు 6

పన్నెండు కాయలు, మా బడి తోటమాలి చెట్టువి, నా చేత్తో కత్తెరతో కోసినవి. అన్నిటికీ సూదితో ఒకటే లోతు గాటు పెట్టి బూజు దుమ్ము తాకించాను. ఆరింటిని వెంటనే ముంచాను. ఆరింటిని ఎల్లుండి ముంచుతాను. ఈసారి జాడీలకు తాళం. తాళంచెవి నా దగ్గరే. నా మీద నాకే నమ్మకం లేక పుస్తకం కూడా ప్రధానోపాధ్యాయురాలి దగ్గర పెట్టాను.

డిసెంబరు 10

బడి నుంచి వచ్చేసరికి నారమ్మ గడపలో కూర్చుని ఉంది. చీర మూట పక్కన.

అన్నకు తానే చెప్పేసిందట. నిన్న పొద్దున, పాలు పితికేటప్పుడు. ఆయన ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట. చెంబు కింద పెట్టి లోపలికి పోయాడట. మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. పొమ్మన్నాడా? లేదు. ఉండమన్నాడా? లేదు. అందుకే వచ్చేసిందట.

"రెడ్డి నాయన కాలం నుంచి ఆ తోటలో ఉండా. పొమ్మని ఆయప్ప నోటితో అనిపించుకునేదానికన్నా నేనే వస్తి."

ఇప్పుడు అన్నకు రెండూ తెలుసు. నారమ్మ చేసింది, నేను దాచింది.

డిసెంబరు 11

నారమ్మ వంట చేస్తోంది. వద్దంటే వినదు. జాడీలు చూపించమంటే బడికి తీసుకుపోయాను. గాజు మీద ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. చెయ్యి మాత్రం పెట్టలేదు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

అయిదో రోజు. వెంటనే ముంచినవాటిలో ఒకటి పోయింది, అయిదు బాగున్నాయి. ఆగి ముంచినవి నాలుగు పోయాయి. ఇంకా చూడాలి. ఆరేసి కాయలతో ఎవరికీ ఏమీ చెప్పను.

డిసెంబరు 13

కండక్టరు చేత అన్న చీటీ పంపాడు. ఆయన రాత, పెన్సిలుతో.

"ఆదివారం రా. నారమ్మను తోడుకొని రా."

మద్రాసు సరుకు మాట లేదు. ఇంకొక్క మాట లేదు. కాగితం తిప్పి చూశాను, వెనక కూడా. నారమ్మకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకేం లేదా అంది.

డిసెంబరు 14, ఆదివారం

బస్సు ఏడింటికి. నారమ్మ ఆరింటికే ఉతికిన చీర కట్టుకుని సిద్ధం. మూట కూడా కట్టుకుంది. తెచ్చుకున్న బట్టలన్నీ అందులోనే. ఆడ ఉండిపోయేదానికా, ఆడ నుంచి యాడికన్నా పోయేదానికా — తనకూ తెలియదనుకుంటాను.

నేను ప్రయోగాల పుస్తకం తీసుకున్నాను. మళ్ళీ బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

"రెడ్డి నన్ను ఏమన్నా అననీ. నువ్వు నడుమ మాట్లాడొద్దు పాపా," అంది ఇందాక. మాటివ్వమని చెయ్యి చాపింది. తొట్టిలో మండిన ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు, వేళ్ళ సందుల్లో తొక్క లేస్తోంది.

ఆ చెయ్యి పట్టుకున్నాను. మాట ఇవ్వలేదు.

బస్సు హారను... పిలుస్తోంది.